ఎగరని జెండా

"నేనడిగింది ఒక్క మాట. అది మీరు సభలో ఎలా చెబుతారు?" అంది సీతారామలక్ష్మి.

భాస్కరం విస్తట్లో అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది, నోటి దాకా రావడం లేదు.

"వాడికి నెయ్యి వెయ్యవే. తిండి దగ్గర తగువులేంటి?" అంది గడప అవతల నుంచి మాణిక్యాంబ, కొడుకు వైపు చూడకుండానే.

"వేశానండి అత్తయ్యగారూ."

"వేస్తే మరి తినడేం?"

దొడ్లో కాకి అరిచింది. భాస్కరం విస్తరి మడిచి లేచాడు.

ఆ సాయంత్రమే హైస్కూలు హాల్లో సభ. ప్రకృతి శాస్త్ర సమాజం వాళ్ళు నరసాపురం వీధులన్నీ తిప్పి దండోరా వేయించారు. ఊరి ఎదట భాస్కరం నిలబడి, దసరాల్లో గాలివాన వచ్చిన రోజున గొట్టంలో పాదరసం దిగలేదని చెప్పాలి. సమాజం తరఫున గొట్టం చూసేది అతనే. అతను చెబితే ఇంక మాట ఉండదు.

పాదరసం దిగింది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

సమాజానికి ఇంకా సొంత భవనం లేవలేదు. అందుకని మద్రాసు నుంచి తెప్పించిన బారోమీటరు సైన్సు మేష్టరైన భాస్కరం ఇంటి వసారాలోనే వేలాడుతూ ఉంటుంది. గాలివాన రాబోయే ముందు అందులో పాదరసం కిందికి జారుతుంది. జారితే రేవులో కొయ్య మీద ఎర్రజెండా ఎగరాలి. అది చూసి జాలర్లు సముద్రం మీదికి వెళ్ళడం మానాలి. మొదట్లో నవ్వినవాళ్ళే, జెండా నిజమయ్యేసరికి కొయ్యకి దణ్ణం పెట్టి నావ తొయ్యడం నేర్చుకున్నారు. సమాజం మాట మీద గౌరవంతోనే రేవు పక్క జాలరిపేటలో తల్లులు పిల్లలకి టీకాలు కూడా వేయించారు.

దసరాల్లో సమాజం వార్షికోత్సవం వచ్చింది. నిడదవోలులో రైలు దిగి కాలవ పడవ మీద ఒక దొరగారు వచ్చారు. ఆయనకి గోదారి మీద షికారు ఏర్పాటు చేశారు. ఆ పొద్దున్నే పాదరసం పడిపోవడం చూసి భాస్కరం జెండా చంకన పెట్టుకుని పరుగెత్తాడు. సీతారామలక్ష్మి వీధి గుమ్మంలో నిలబడి చూసింది. జెండా ఎగిరిందనే అనుకుంది. వాళ్ళ వీధిలోంచి రేవు కనబడదు.

"షికారు కానివ్వండి మేష్టారూ, తరవాత ఎగరేద్దాం" అన్నారు రేవులో సమాజం అధ్యక్షులు పల్లంరాజుగారు.

షికారు అయ్యేసరికి నావలు గోదారి సముద్రంలో కలిసే మొగ దాటిపోయాయి. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

ప్రకృతి గతిని ఎవరు కనిపెట్టగలరు, యంత్రంలో ఏ సూచనా లేదు అని సమాజం వాళ్ళు ప్రకటించారు. మర్నాడే ఎవరో కొయ్య పీకి గోదాట్లో పడేశారు. అది మొదలు భాస్కరం ఇంటి గోడ మీద రోజూ బురద. సీతారామలక్ష్మి రోజూ కడుగుతుంది.

గోడకైతే నీళ్ళు చాలు. కార్తీకమాసం స్నానానికి వెళితే, ఆమె దిగిన మెట్టు మీంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే పై మెట్టుకి జరిగారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎదురింటివాళ్ళ సత్యనారాయణ వ్రతానికి వీధి వీధంతా పిలుపు వచ్చింది. బొట్టు పెట్టడానికి వచ్చిన పిల్ల వాళ్ళ గుమ్మం దాకా వచ్చి, తలుపు తీసి ఉన్నా, పక్కింట్లోకి తిరిగిపోయింది. ఆ పూట సీతారామలక్ష్మి పట్టుచీర కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. మళ్ళీ విప్పి మడత పెట్టుకుంది.

ఇంట్లో ఉన్న మనిషితోనైనా మాట్లాడుకుందామంటే, అతను వసారాలో గొట్టానికి వీపు పెట్టి కూర్చుంటున్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చిన కొడుకుని చూసి మాణిక్యాంబ అందుకుంది. "మా మామగారు నలభై ఏళ్ళు పంచాంగం చెప్పారురా. వాన పడుతుందన్న ఏడు పడలేదు, పడదన్న ఏడు చేలు మునిగాయి. ఒక్కడంటే ఒక్కడు మా గోడ మీద బురద కొట్టలేదు. నీ శాస్త్రం ఏం శాస్త్రంరా?"

"తాతయ్య తెలిసి తప్పు చెప్పలేదమ్మా."

అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గ్రహించినట్టు ఆగిపోయాడు. సీతారామలక్ష్మి అతని మొహంలోకి చూసింది. అతను ఉత్తరీయం వెతుక్కునే మిషతో అటు తిరిగాడు.

అప్పుడే వీధిలో బండి ఆగింది.

* * *

పల్లంరాజుగారు వసారాలో బల్ల మీద కూర్చున్నారు. సీతారామలక్ష్మి తలుపు వెనక నిలబడింది. సందులోంచి ఆయన మొహం కనిపిస్తోంది. నెలరోజుల్లో ఆయన కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి.

"మేష్టారూ, మీరు నన్ను దుర్మార్గుణ్ణి అనుకోకండి. నాకు మాత్రం నిద్ర పడుతోందా? పోయినవాళ్ళ ఇళ్ళకి బియ్యం నేనే పంపించానండి."

"తెలుసండి రాజుగారూ."

"మరి ఆలోచించండి. మనకి తెలిసీ జెండా ఎగరెయ్యలేదని ఈ జనానికి తెలిసిందనుకోండి. రేపు టీకా వేయించుకుంటారా? మరిగించిన నీళ్ళు చల్లార్చి తాగమంటే తాగుతారా? మసూచికం వచ్చిందంటే ఆ పిల్లలు ఏమైపోతారు? సమాజం పేరు పోతే శాస్త్రం పేరే పోతుందండి. ఎన్నాళ్ళు తిరిగితే వచ్చిన పేరండి అది! ఒక్క మాట. మీరు అనేది ఒక్క మాట."

భాస్కరం గొట్టం వైపు చూశాడు. తలుపు వెనక సీతారామలక్ష్మి సందుకి ఇంకా దగ్గరగా జరిగింది. రాజుగారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉందని ఆమెకీ అనిపించింది. అందుకే భయమేసింది.

"రాజుగారూ, అటు చూడండి" అన్నాడు భాస్కరం చివరికి.

"ఏంటండి?"

"గొట్టం. తెల్లారినప్పటి నుంచీ దిగుతోంది."

పల్లంరాజుగారు లేచి వెళ్ళి చూశారు. పైకండువాతో గాజు తుడిచి మళ్ళీ చూశారు.

"దసరాల్లో దిగినట్టేనా?"

"అంతకన్నా తొందరగా దిగుతోందండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. తరవాత ఆయన మొహం తేటపడింది. "ఎగరేసెయ్యండి. ఇప్పుడే. మొన్న నేను కొత్త కొయ్య పాతించాను కదా! ఆయ్, ఇది మన మంచికే వచ్చిందండి. సమాజం ఎంత మెలకువగా ఉందో జనం కళ్ళారా చూస్తారు. సాయంత్రం సభలో మీ మాటకి ఎంత బలం వస్తుందో చూడండి!"

బండి వెళ్ళిపోయింది. భాస్కరం జెండా తీసుకుని బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, "తలుపేసుకో సీతా, గాలి లేస్తుంది" అన్నాడు. ఇవాళ అతను తనంతట తనుగా ఆమెతో అన్న మాట అదొక్కటే.

* * *

తిరిగి వచ్చేసరికి అతని చొక్కా సగం తడిసి ఉంది. చినుకులు మొదలయ్యాయి. అరుగు మీదే కూర్చుండిపోయాడు.

"ఎగరేశారా?" అంది సీతారామలక్ష్మి.

"ఎగరేశాను."

"మరి జాలర్లు ఏమన్నారు?"

"నవ్వారు."

ఆమె పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు గాని తుడుచుకోలేదు.

"చిట్టియ్య ఉన్నాడు కదా, వాళ్ళ పెద్ద. నావకి తాళ్ళు సర్దుకుంటున్నాడు. వెళ్ళద్దు చిట్టియ్యా, గాలివాన వస్తుంది అన్నాను. వాడేమన్నాడో తెలుసా? 'జెండా లేని రోజున మునిగాం కదండీ మేష్టారూ, జెండా ఉన్న రోజున బాగుంటదేమోలెండి' అన్నాడు. అందరూ నవ్వారు. మొగవాళ్ళు పోయిన ఇళ్ళ వాళ్ళు కూడా నవ్వారు సీతా."

"వెళ్తున్నారా అయితే?"

"పాపాయి వాళ్ళవి రెండు నావలు అప్పుడే వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళు పోటు దిగాక వెళ్తారట."

పాపాయి అంటే బుల్లెమ్మ కొడుకు. బుల్లెమ్మ వీళ్ళ దొడ్లోకి కొబ్బరిమట్టలు తెచ్చి పడేసి, కాసేపు కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళే మనిషి. దసరాల్లో ఆవిడ మొగుడు పోయాడు. ఆ తరవాత ఆవిడ ఈ వీధికి రాలేదు.

సీతారామలక్ష్మి అరుగు మీదికి వచ్చి భర్త ఎదురుగా నిలబడింది. "మీరు ఆ రోజు జరిగిందేంటో వాళ్ళకి చెప్పండి. గొట్టం తప్పలేదని తెలిస్తే ఆగుతారు."

"సాయంత్రం సభ ఉందిగా..."

"సాయంత్రానికి నావలుండవు."

అతను తల ఎత్తలేదు. "నిజం చెబితే రాజుగారి పరువేమవుతుంది? నా ఉద్యోగం ఏమవుతుంది? అసలు ఇవాళ నిజం చెప్పినా నమ్మేదెవరు?"

"చెప్పకుండా నమ్మలేదంటే ఎలాగండి?"

"నీకు తెలీదు. ఊరుకో."

ఊరుకుంది. చూరు మీంచి నీళ్ళు కారుతున్నాయి. కాసేపటికి అతను లేచి, స్కూల్లో బెంచీలు వేయించాలంటూ గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. బెంచీలు వేయించడానికి స్కూల్లో మనుషులున్నారని ఆమెకి తెలుసు.

వీధి మలుపు తిరిగేదాకా చూసింది. అతను ఒక్కసారైనా వెనక్కి తిరుగుతాడేమో అనుకుంది.

లోపలికి వెళ్ళి చీర చెంగు నిండుగా కప్పుకుని, వసారాలో గొట్టం చూసి బయటికి వచ్చింది.

"ఎక్కడికే?" అంది మాణిక్యాంబ.

"పేటలోకి."

మాణిక్యాంబకి అర్థమైంది. గోడ పట్టుకుని నెమ్మదిగా లేచి నిలబడింది. "పట్టపగలు, ఒంటరిగా, ఆ పేటలోకి వెళ్ళావంటే మళ్ళీ ఈ వీధిలో మన గుమ్మం ఎవరైనా ఎక్కుతారా?"

"ఇప్పుడు ఎవరెక్కుతున్నారండి అత్తయ్యగారూ?"

ముసలావిడ నెలరోజులుగా గుమ్మంలో కూర్చుని దారి చూస్తోంది. తోటి ముసలమ్మలు వేరే సందులోంచి గుడికి వెళ్తున్నారు.

"వాడు చెప్పాల్సిన మాట నువ్వు చెబుతావా?" అంది గొంతు తగ్గించి.

"ఆయన చెప్పరుగా."

"వాడు నిన్ను క్షమించడే."

సీతారామలక్ష్మి మెట్లు దిగింది. వెనక తలుపు మూసిన చప్పుడు వినపడలేదు.

* * *

పేటలో అందరూ ఆమెనే చూశారు. ఎవరూ పలకరించలేదు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. స్నానాల మెట్ల మీద ఆడవాళ్ళు జరిగినట్టే వీళ్ళూ జరిగారు.

బుల్లెమ్మ పాక చూరు కింద కూర్చుని చిరిగిన వల ఒళ్ళో వేసుకుని ఉంది. కొత్త కోడలు లోపల పొయ్యి ఊదుతోంది.

"ఏంటమ్మగారూ, ఇలా వచ్చారు?" అంది బుల్లెమ్మ లేవకుండా.

"నావలు వెళ్ళకుండా ఆపు బుల్లెమ్మా. గాలివాన వస్తోంది."

"జెండా సూశానండి."

"జెండా కాదు, నేను చెబుతున్నాను. గొట్టం మా ఇంట్లోనే ఉంది. నా కళ్ళతో చూసి వస్తున్నాను. దసరాల్లో దిగినట్టే దిగుతోంది."

బుల్లెమ్మ చేతిలో వల ఆగింది. "దసరాల్లో దిగిందా అండి?"

సీతారామలక్ష్మి దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయాయి.

"దిగింది" అంది.

"దిగలేదని టముకేయించారు కదండి."

"అబద్ధం వేయించారు. పొద్దున్నే దిగింది. మా ఆయన జెండా పట్టుకుని రేవుకి వచ్చారు. దొరగారి షికారు పాడవుతుందని రాజుగారు ఎగరెయ్యనివ్వలేదు. ఎగరెయ్యనివ్వకపోతే ఈయన ఊరుకున్నారు. తరవాత తెలిసి నేనూ ఊరుకున్నాను."

లోపల పొయ్యి ఊదుతున్న చప్పుడు ఆగిపోయింది.

బుల్లెమ్మ ఏడవలేదు. అరవలేదు. నేల చూస్తూ అంది: "మా ఆయన ఎల్లేటప్పుడు కొయ్యకేసి సూసి మరీ ఎల్లాడండి. కాలు నెప్పిగా ఉంది, ఇయ్యాల మానేస్తానన్నాడు. నేనే అన్నాను, జెండా లేదు కదా, ఎల్లు, పండగపూట ఇంట్లో ఏం లేదని. నెల్రోజులుగా నేనే పంపించి సంపేసుకున్నాననుకుంటన్నానండి."

సీతారామలక్ష్మి చెయ్యి చాపింది. బుల్లెమ్మ ఆ చేతిని చూసి, వల పక్కన పడేసి లేచింది. ఆమెని దాటుకుని రేవు వైపు నడిచింది. నడక కాస్తా పరుగైంది.

రేవులో చిట్టియ్య వాళ్ళు నావని నీళ్ళలోకి తోస్తున్నారు. బుల్లెమ్మ మొలలోతు నీళ్ళలోకి దిగి నావ ముక్కుకి అడ్డం నిలబడింది.

"ఏంటే అప్పా, తప్పుకో!" అని అరిచాడు చిట్టియ్య.

"ఆ రోజు దిగిందంటరా! ఆళ్ళకి తెలుసంట!"

చిట్టియ్య తెడ్డు పట్టుకుని గట్టెక్కి వచ్చాడు. బుల్లెమ్మ వెనకే వచ్చిన సీతారామలక్ష్మి గట్టు మీద నిలబడి ఉంది. గట్టు మీదున్న మనుషులందరిలో తనవాళ్ళంటూ ఎవరూ లేరు.

"నిజమేనా అండి అమ్మగారూ?"

"నిజమే."

"ఆ రోజు అబద్ధం ఆడామంటున్నారు. ఇయ్యాల నిజమంటున్నారు. ఏది నమ్మమంటారండి మమ్మల్ని?"

"నా మాట నమ్మమని అడిగే మొహం నాకు లేదు చిట్టియ్యా. ఈ మాట చెప్పినందుకు రాత్రికి నాకు ఇల్లుంటుందో లేదో కూడా తెలీదు. అంత తెగించి అబద్ధం చెప్పడానికి వస్తానా?"

చిట్టియ్య ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. బురదలో ఆమె ఎక్కడో చెప్పులు పోగొట్టుకుంది. తెడ్డు ఇసకలో గుచ్చి వెనక్కి తిరిగి అరిచాడు.

"లాగండ్రా పైకి! అన్నీ లాగెయ్యండి!"

నావలు ఒక్కొక్కటీ గట్టెక్కాయి. తాళ్ళతో కొబ్బరిచెట్లకి కట్టేశారు. వెళ్ళిపోయిన రెండు నావలు మాత్రం మొగ దాటి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

* * *

పొద్దు గుంకకముందే మబ్బు కమ్మేసింది. గోదారి మీద అల లేచింది. కొయ్య మీద ఎర్రజెండా గాలికి టపటపా కొట్టుకుంటోంది. దాని వైపు ఎవరూ చూడడం లేదు. ఆడవాళ్ళందరూ గోనెపట్టాలు కప్పుకుని గట్టున గుంపుగా నిలబడి దక్షిణం వైపు చూస్తున్నారు.

సీతారామలక్ష్మి వాళ్ళకి కాస్త ఎడంగా నిలబడింది. రెండుసార్లు దగ్గరికి వెళ్ళబోయి ఆగింది.

చివరికి బుల్లెమ్మే వచ్చింది. ఆవిడ పెదవులు నీలంగా ఉన్నాయి.

"మీరింటికెళ్ళండమ్మగారూ."

"పాపాయి వచ్చేదాకా ఉంటాను బుల్లెమ్మా."

"ఎల్లండి. మీరిక్కడుంటే..." బుల్లెమ్మ మాట వెతుక్కుంది. "ఆడొచ్చినా రాకపోయినా, మీరిక్కడుంటే నేను ఏడవలేనండి."

అని మళ్ళీ గుంపులోకి వెళ్ళిపోయింది. కోడలు ఆమె భుజం మీద తల పెట్టుకుంది. గుంపు వాళ్ళిద్దరి చుట్టూ మూసుకుంది.

సీతారామలక్ష్మి గట్టు దిగువకి నడిచింది. ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. అక్కడే ఒక బోర్లించిన నావ పక్కన, ఆ ఆడవాళ్ళకి కనపడకుండా కూర్చుంది. వాన మొహం మీద కొడుతోంది. తను కూడా ఏడవచ్చు గదా అనుకుంది. ఎవరి కోసం ఏడవాలో తేలలేదు.

ఎంతసేపటికో ఎవరో వచ్చి ముందు నిలబడ్డారు. భాస్కరం. గొడుగు గాలికి విరిగి చేతిలో వేలాడుతోంది.

"అమ్మ చెప్పింది" అన్నాడు.

ఆమె కొంగుతో మొహం మీది నీళ్ళు తుడుచుకుంది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండుననుకుంది. అతను ఆమె పక్కన కూర్చోలేదు. వెళ్ళిపోనూ లేదు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటుంది. దాన్నిండా వాన కురుస్తోంది.

"సభ అయిందా?" అంది చివరికి.

"ఎవరూ రాలేదు."

"ఎవరూ రాలేదా?"

"రాజుగారూ, నేనూ, దీపాలు పెట్టేవాడూ. అంతే. ఆయన గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. బెంచీలన్నీ ఖాళీ. కాసేపటికి దీపాలు ఆర్పించేశారు."

అతని గొంతులో ఏదో తేలిక వినపడింది. గండం గడిచిన మనిషి గొంతు. సీతారామలక్ష్మి తల తిప్పి అతన్ని చూసింది.

"వచ్చి ఉంటే ఏం చెప్పేవారు?"

భాస్కరం నది వైపు చూశాడు. పెదవులు కదిలాయి. గాలికి ఆ మాట ఎటు పోయిందో, అసలు అన్నాడో లేదో ఆమెకి తెలియలేదు.

"ఏమన్నారు? మళ్ళీ చెప్పండి" అంది లేచి నిలబడి.

అప్పుడే గట్టు మీద నుంచి కేక వినబడింది. ఒకే ఒక్క తెరచాప, మొగ వైపు నుంచి, పక్కకి ఒరిగిపోతూ వస్తోంది. రెండోది దాని వెనక లేదు. ఆడవాళ్ళందరూ నీళ్ళలోకి పరిగెత్తారు.

భాస్కరం కూడా రెండడుగులు అటు వేశాడు. గుంపు వెనక్కి తిరిగి అతన్ని చూసింది. అతను అక్కడే ఆగిపోయాడు.